హాల్లో నాలుగు బాక్సులు

పులికాట్ సరస్సు ఇవతలి ఒడ్డున నిలబడి శ్రీహరికోట వైపు చూసేవాళ్లకు శబ్దం గురించి ఒక సంగతి ఎవరూ నేర్పకుండానే తెలుసు. రాకెట్టు కింద నిప్పు ముందు కనబడుతుంది, ఉరుము చాలాసేపటికి గాని రాదు. పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ల చెవికి అది చేరేసరికి యాభై సెకన్లు దాటుతుంది. శబ్దం నడుచుకుంటూ వస్తుంది, ఆ నడకకు సమయం పడుతుంది. ముప్పై డిగ్రీల వేడిలో దాని వేగం సెకనుకు దాదాపు 350 మీటర్లు. ఈ లెక్కనే నట్టింట్లోకి తెచ్చి సెంటీమీటర్లలో కొలిస్తే, పాటల మీద మక్కువ ఉన్నవాళ్లను ఎప్పుడో ఒకప్పుడు తొలిచే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మన ఎదురుగా ఒక జత బాక్సులు చాలా? వాటి పక్కన రెండో జత కూడా పెట్టి నాలుగూ ఒకేసారి మోగిస్తే పాట ఇంకా బాగుంటుందా?

ఈ ప్రాంతంలో ఈ ప్రశ్న పుట్టడానికి కారణాలున్నాయి. సూళ్ళూరుపేటలో లోకల్ రైలెక్కితే మద్రాసు. అక్కడ రిచీ స్ట్రీటులో ఊఫర్లు, ట్వీటర్లు, ఆంప్లిఫయర్ బోర్డులు అన్నీ విడివిడిగా దొరుకుతాయి. పాత డెక్కుతో వచ్చిన బాక్సులు ఒక జత, తర్వాత మోజుపడి కొన్నవి ఒక జత ఇంట్లో పోగుపడతాయి. దేన్నీ పారేయబుద్ధి కాదు. ఆంప్లిఫయర్ ముందు పలక మీద ఏ జత మోగాలో, లేక రెండూ మోగాలో ఎంచుకోమని ఎ, బి, ఎ+బి అని మీట కనబడుతూనే ఉంటుంది. అందుకే ఈ వాదానికి ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఇద్దరూ కల్పితులే. ఒకరు జాతర్లకూ పెళ్లిళ్లకూ మైకుసెట్టు కట్టే అన్న, ఇంకొకరు ఒక్క జతే చాలనే తమ్ముడు. నా మొగ్గు తమ్ముడి వైపే, దాచను. అన్న మాటకు మాత్రం తక్కువ చేయను. ఆయన లేవనెత్తే అభ్యంతరాల్లో సగానికి పైగా నిజమున్నవే. ఆ నిజాన్ని దాటుకుని పోతేనే తమ్ముడి వాదం నిలబడుతుంది.

అన్న: తిరనాళ్లలో ఒక్క గొట్టం కట్టి ఊరంతా వినిపించమంటే ఎవరివల్లా కాదబ్బయ్యా. చెంగాళమ్మ గుడి దగ్గర జాతరంటే వీధి వీధికీ హార్ను కట్టాల. ఎన్ని నోళ్లుంటే అంత సౌండు. ఇల్లయినా అంతే. ఇప్పుడు కట్టే ఇళ్లల్లో వంటింటినీ హాలునీ కలిపేసి ఇరవై అయిదడుగుల పొడుగు తీస్తాండారు. అంత జాగాలో రెండు చిన్న బాక్సులు పెడితే మూల కూర్చున్నోడికి పాట నీళ్లమజ్జిగ మాదిరి ఉంటాది. అదే నాలుగు పెడితే గది నిండతాది. కంపెనీవాడే ఎ+బి అని మీట పెట్టినాడు గదా, పనికిరానిదైతే ఎందుకు పెడతాడు? ఇంకా పెద్ద సాక్ష్యం మన సూళ్ళూరుపేటలోనే ఉండాది. 2019 ఆగస్టులో సాహో సినిమాతో తెరిచినారే వి ఎపిక్ థియేటరు, దాని తెర వెడల్పు వందడుగులు దాటింది. ఆ తెర వెనకాల ఒక్క జతతో సరిపెట్టినారా? ముందూ పక్కలా నెత్తినా ఎక్కడ చూసినా స్పీకర్లే. అక్కడ మేలైంది ఇంట్లో చెడ్డెట్లయితాది?

తమ్ముడు: ఆ థియేటరు సాక్ష్యం దగ్గరికి మళ్లీ వద్దామన్నా, అది నా పక్షానే మాట్లాడుతుంది. ముందు రికార్డులో ఏముందో చూద్దాం. అలాన్ బ్లుమ్లీన్ అనే ఇంజనీరు ఇంగ్లండులో 1931 డిసెంబరులో స్టీరియో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1957, 58 నాటికి స్టీరియో ఎల్.పి. రికార్డులు బజారులోకి వచ్చాయి. రికార్డు మీద గాడి ఉంటుంది చూశావా, దానికి రెండు గోడలు. ఒక గోడ మీద ఎడమ శబ్దం, ఇంకో గోడ మీద కుడి శబ్దం. క్యాసెట్టయినా సీడీ అయినా ఇవాళ ఫోన్లో వచ్చే పాటయినా ఆ రెండు గోడల ఏర్పాటునే మోస్తున్నాయి. కాబట్టి నీ దగ్గరున్న సమాచారం రెండే రెండు తీగలంత. ఆ రెండింటినీ రెండు బాక్సులకు ఇచ్చి, వాటికీ నీకూ మధ్య సమదూరం ఉండేలా కూర్చుంటే ఒక వింత జరుగుతుంది. గాయకుడి గొంతు రెండింటిలోనూ సమానంగా వస్తుంది గనక, ఏ పెట్టే లేని నట్టనడుమ చోటులో నిలబడి పాడినట్టు వినిపిస్తుంది. ఘంటసాల సినిమా పాటలు చాలా మటుకు మోనో. అంటే ఎడమకూ కుడికీ తేడా ఏమీ లేదు. వాటిని సరిగ్గా అమర్చిన జత మీద వింటే ఆ గొంతు గోడ మధ్యలో మేకు కొట్టినట్టు కదలకుండా ఉంటుంది. ఇది ఎట్లా సాధ్యమంటే, మన రెండు చెవులకూ శబ్దం చేరే సమయంలో తేడా ఎంత ఎక్కువైనా సుమారు 0.7 మిల్లీసెకన్లు మించదు. అంత సూక్ష్మమైన తేడాను పట్టుకునే మెదడు శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో చెబుతుంది. దాని పక్కన అదే మాట పలికే మూడో నోరు, నాలుగో నోరు పెట్టావనుకో. ఒక్కోటి ఒక్కో దూరాన్నుంచి, ఒక్కో క్షణాన వచ్చి చెవిలో పడుతుంది. నట్టనడుమ ఉన్న గొంతు చెదిరి, గోడ పొడుగునా పూసినట్టవుతుంది. దాన్నే మనం గది నిండిందనుకుంటాం.

అన్న: నీ మాటలోనే నాకు జవాబుండాది. గాడికి రెండు గోడలుండబట్టి రెండు బాక్సులైనాయి. అది రికార్డు చేసేవాడి ఇబ్బంది గాని చెవికుండే నియమం గాదు. ఆర్కెస్ట్రా ముందు కూర్చున్నోడికి శబ్దం రెండు చోట్ల నుంచే వస్తాదా? వేదిక పొడుగునా వస్తాది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాయించిన ఆర్కెస్ట్రాను తీగల మీద వాషింగ్టన్ కాన్‌స్టిట్యూషన్ హాలుకి పంపినప్పుడు మూడు మైకులు, మూడు స్పీకర్లు పెట్టినారు. స్టొకోవ్‌స్కీ అంతటి సంగీత నిర్దేశకుడు వాషింగ్టన్‌లో కూర్చుని ఆ మూడింటినీ సర్దినాడు. 1955లో టాడ్-ఏఓ 70 ఎం.ఎం. వచ్చినప్పుడు తెర వెనకాల అయిదు. మన తెలుగులో 1986లో కృష్ణ తీసిన సింహాసనం తొలి 70 ఎం.ఎం. సినిమా, ఆరు ట్రాకుల సౌండు. ఎవురూ రెండు దగ్గర ఆగలేదు. ఎదురుగా ఎన్ని ఎక్కువుంటే అంత నిజమని పెద్దోళ్లందరూ ఒప్పుకున్నట్టే గదా!

నేను ఇక్కడ ఒక్క క్షణం ఆగమంటాను. అన్న వాదంలోని అసలు బలమంతా ఈ మాటల్లోనే ఉంది. స్టీరియో అభిమానులు చాలామంది దీన్ని పట్టించుకోకుండా, రెండు చెవులకు రెండు బాక్సులు అనే పైపై లెక్కతో తప్పించుకుంటారు. అది తప్పు లెక్క. ఎడమ బాక్సు శబ్దం రెండు చెవులకూ వినబడుతుంది, కుడిది కూడా అంతే. రెండు అనేది ఒక రాజీ. బెల్ ల్యాబ్స్ పరిశోధకులు అసలు ఊహించుకున్నది వేదిక ముందు మైకుల తెర, వినేచోట స్పీకర్ల తెర. ఖర్చూ తీగలూ చూసుకుని మూడుకు దిగారు. ఇళ్లకు వచ్చేసరికి గాడి గోడలు రెండే కాబట్టి రెండుకు దిగింది. ఇంతవరకూ అన్నదే న్యాయం. మరి ఎక్కడ తేడా వచ్చింది?

తమ్ముడు: నువ్వు చెప్పిన ప్రతి చోటా ఒక్కో స్పీకరుకు ఒక్కో సొంత మాట ఉందన్నా. వాషింగ్టన్‌లో మూడు స్పీకర్లుంటే ఫిలడెల్ఫియాలో మూడు మైకులున్నాయి, మధ్య మూడు తీగలున్నాయి. 70 ఎం.ఎం. తెర వెనక అయిదుంటే ఫిల్ము అంచు మీద అయిదింటికీ వేరువేరు అయస్కాంత ట్రాకులున్నాయి. నీ ఎ+బి మీటకు ఆ భాగ్యం లేదు. ఎ ఏం చెబుతుందో బి అదే చెబుతుంది, వేరే చోటునుంచి, వేరే క్షణంలో. ఇప్పుడు నీ థియేటరు సాక్షిని పిలుస్తాను. పాత పద్ధతి సినిమా హాళ్లలో పక్క గోడల మీద వరసగా కట్టిన స్పీకర్లన్నీ ఒకే శబ్దం పలుకుతాయి. ఎందుకట్లా పెట్టారు? వాన కురుస్తుంటే, గుంపు గోలపెడుతుంటే, అది ఫలానా పెట్టెలోంచి వస్తోందని ప్రేక్షకుడికి తెలియకూడదు. దిక్కు తెలియకుండా చెయ్యడానికే ఒకే శబ్దాన్ని పదిచోట్ల పలికించారు. కోరి చేసిన ఆ చెదరగొట్టే పనినే నువ్వు ఇంట్లో ఎదురుగా, గాయకుడి గొంతు మీద చేస్తున్నావు. ఇంకోటి చూడు. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ చేసిన మార్పేమిటి? పక్క గోడల వరసలోనూ ఒక్కో స్పీకరును విడిగా పలికించే వీలు ఇచ్చింది, 64 స్పీకర్ల దాకా. వి ఎపిక్‌లో ఉన్నది ఆ అట్మాసే. స్పీకర్లు పెరిగేకొద్దీ ఒక్కోదానికి సొంత పని అప్పజెప్పే దారిలో సినిమా నడిచింది.

నీ జాతర హార్నుల సంగతి చూద్దాం. వీధికొకటి కట్టడం న్యాయమే, అక్కడ ప్రకటన అందరికీ చేరడం ముఖ్యం. కానీ వంద మీటర్ల దూరంలో ఉన్న రెండో హార్నులోంచి అదే మాట పావు సెకను దాటాక వస్తుంది. తప్పిపోయిన పిల్లవాడి పేరు చెబితే ఆ పేరు రెండుసార్లు వినబడి మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పెద్ద కచేరీల్లో దూరంగా నిలబెట్టే స్పీకర్లకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆలస్యం కలిపేది అందుకే. నీ ఇంట్లో ఆ ఆలస్యం పావు సెకను ఉండదు, సెకనులో వెయ్యో వంతు ఉంటుంది. అప్పుడు మాట రెండుసార్లు వినపడదు. దాని బదులు స్వరమే మారిపోతుంది.

అన్న: వెయ్యో వంతా? దానికి స్వరం మారతాదంటే ఎట్ల నమ్మేది?

తమ్ముడు: లెక్క చిన్నదే. ఎడమ వైపు రెండు బాక్సులు పక్కపక్కన పెట్టావు. నీ కుర్చీకి ఒకటి ఇంకోదానికంటే 35 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంది. సెకనుకు 350 మీటర్ల వేగంలో 35 సెంటీమీటర్లంటే కచ్చితంగా ఒక మిల్లీసెకను. ఇప్పుడు 500 హెర్ట్జ్ స్వరం తీసుకో. దాని ఒక్కో ఊపుకు రెండు మిల్లీసెకన్లు పడుతుంది. అంటే దగ్గరి బాక్సు గాలిని ముందుకు నెడుతున్న వేళకు దూరపు బాక్సు నుంచి వచ్చేది వెనక్కి లాగుతుంటుంది. ఒకదాన్నొకటి తినేస్తాయి. 500 దగ్గర గుంట, 1500 దగ్గర గుంట, 2500 దగ్గర గుంట. వాటి మధ్య 1000, 2000 దగ్గర రెండూ కలిసి గుట్టలు. బొమ్మ గీస్తే దువ్వెన పళ్లలా ఉంటుంది. ఆ గుంటలన్నీ మనిషి గొంతూ వయొలినూ వేణువూ తిరిగే తావులోనే పడ్డాయి చూడు. పైగా నువ్వు కుర్చీలో కొంచెం పక్కకు జరిగితే 35 కాస్తా 25 అవుతుంది, గుంటలన్నీ 700, 2100 దగ్గరికి జరుగుతాయి. తల కదిపితే స్వరం రంగు మారే ఏర్పాటది.

అన్న: కాగితం మీద గుంటలు తవ్వడం సులభమబ్బయ్యా. మా ఇళ్లల్లో గచ్చు నున్నటి టైల్సు, గోడలు ప్లాస్టరింగు, నెత్తిన కాంక్రీటు. ఒక్క బాక్సు పెట్టినా శబ్దం పదిసార్లు తగిలి పదిసార్లు వస్తాది. ఆ గోలలో నీ గుంటలు పూడిపోతాయి. ఇంకో మాట. రెండు బాక్సుల స్టీరియోలో కూడా ఒకే గొంతు రెండు చోట్ల నుంచి వస్తాది గదా, నీ లెక్క ప్రకారం దాంట్లోనూ గుంట పడాల. దాన్ని ఒప్పుకుని దీన్ని కాదంటే ఎట్ల? ఇంగ్లండులో 1957లో వచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లను చెవి తెలిసినోళ్లే ఒకదాని మీద ఒకటి ఎక్కించి రెండు జతలుగా విన్నారు. అమెరికాలో 1970లలో అడ్వెంట్ స్పీకర్లనూ అట్లే రెండేసి పేర్చి పెట్టుకున్నారు. వాళ్లందరికీ చెవులు లేవా?

తమ్ముడు: మూడూ గట్టి ప్రశ్నలే. గోడల ప్రతిధ్వని గుంటల్ని కొంత పూడుస్తుంది, నిజం. కానీ ఆ ప్రతిధ్వని పక్కల నుంచీ పైనుంచీ ఆలస్యంగా వస్తుంది. వేరే దిక్కునుంచి వచ్చేదాన్ని గది స్వభావంగా లెక్కగట్టి, మొదట చేరిన శబ్దానికి పెద్దపీట వేయడం మన చెవికి అలవాటు. దీన్ని జర్మనీలో క్రేమర్, హాస్ అనేవాళ్లు 1940ల చివర్లో పరీక్షించి చూపారు. ఎదురుగా, దాదాపు అదే దిక్కునుంచి, అంతే బలంతో, మిల్లీసెకను తేడాతో వచ్చే నకలుతో ఆ పప్పులుడకవు. అది అసలు శబ్దంలోనే కలిసిపోయి దాని రంగు మారుస్తుంది. రెండో ప్రశ్నకు నా దగ్గర తప్పించుకునే జవాబు లేదు. రెండు బాక్సుల నడుమ నిలబడే గొంతులో దాదాపు 2000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట నిజంగానే ఉంది. ఎడమ బాక్సు శబ్దం కుడి చెవికి కాస్త ఆలస్యంగా చేరడం వల్ల అది పడుతుంది. కెనడాలోనూ తర్వాత అమెరికాలోనూ దశాబ్దాలు స్పీకర్ల మీద పరిశోధించిన ఫ్లాయిడ్ టూల్ స్టీరియోలో ఈ లోపాన్ని పదేపదే ఎత్తి చూపాడు. కానీ ఒక్క గుంటకూ దువ్వెనకూ తేడా ఉంది గదన్నా. అదీగాక పాటను మిక్స్ చేసిన ఇంజనీరు కూడా రెండు బాక్సుల ముందే కూర్చుని, ఆ గుంటతో సహా విని, తనకు తృప్తి కలిగేదాకా సర్దాడు. నాలుగు బాక్సుల ముందు కూర్చుని సర్దలేదు.

ఇక క్వాడ్, అడ్వెంట్ల సంగతి. వాళ్లు పేర్చిన తీరు చూడు. రెండూ అచ్చంగా ఒకే రకం. పక్కపక్కన పెట్టలేదు, నిలువునా ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కించారు. అడ్వెంట్ల విషయంలో పైదాన్ని తలకిందులు చేసి రెండు ట్వీటర్లూ ఆనుకునేటట్టు పెట్టారు. చెవులు తలకు అటూ ఇటూ ఉన్నాయి గాని పైనా కిందా లేవు. కూర్చున్నవాడి చెవి ఎత్తు ఆ రెండు ట్వీటర్ల మధ్యకు వస్తే రెండింటి దూరమూ సమానం. సోఫాలో పక్కకు జరిగినా ఆ సమానత్వం పోదు. అంటే రెండు పెట్టెలు కలిసి ఒక పొడుగాటి స్పీకరైపోయాయి. నువ్వు అట్లా చేస్తానంటే నాకు అభ్యంతరం లేదు. ఒక డెక్కు బాక్సూ ఒక టవరు బాక్సూ పక్కపక్కన పెట్టి అది క్వాడ్ పేర్చినదానితో సమానమంటే మాత్రం ఒప్పుకోను.

అన్న: అయితే జనానికి నాలుగు బాక్సులు బాగున్నట్టెందుకు అనిపిస్తాది? మీట ఎ+బికి తిప్పిన మరుక్షణం అందరి మొహాలూ విప్పారతాయే!

ఈ ప్రశ్నకు జవాబు నేనే చెబుతాను. వాదమంతా దీని మీదే ఆధారపడి ఉంది. మీట తిప్పగానే పాట బిగ్గరగా అవుతుంది. ఆంప్లిఫయర్‌లో సత్తువ ఉంటే రెండో జతకు కూడా అంతే కరెంటు పోతుంది, దాంతో 3 డెసిబెల్లు పెరుగుతాయి. బేస్ స్వరాల అలలు మీటర్ల పొడుగున ఉంటాయి గనక వాటికి 35 సెంటీమీటర్ల తేడా లెక్కలోకి రాదు. పక్కపక్కనున్న ఊఫర్లు కలిసికట్టుగా గాలిని నెట్టి ఇంకో 3 ఇస్తాయి. మొత్తం 6 దాకా. కొంచెం బిగ్గరగా ఉన్నది మేలైనదిగా తోచడం మనిషి చెవికి సహజం. బేస్ పెరిగితే ఆ భ్రమ ఇంకా బలపడుతుంది. అందుకే ఎ మీద ఒకసారి, ఎ+బి మీద ఒకసారి విని తీర్పు చెప్పడం న్యాయమైన పరీక్ష కాదు. రెండోసారి వాల్యూం తగ్గించి, ఫోన్లో శబ్దం కొలిచే యాప్‌తో రెండింటినీ సమం చేశాక వినాలి. అప్పుడు విప్పారిన మొహాల్లో ఎన్ని అట్లాగే ఉంటాయో చూడాలి. ఆ 6 డెసిబెల్లే కావాలనుకుంటే వాల్యూం మీట కుడి వైపుకు తిరుగుతూనే ఉంది.

అన్న: బేస్ మేలైతాదని నువ్వే ఒప్పుకున్నావు. పోనీ, నా పాత జత బేస్ బాగా ఇస్తాది, కొత్త జత ట్రెబుల్ బాగా ఇస్తాది. రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి తీర్చదా?

తమ్ముడు: బేస్ వరకూ నీ మాట పూర్తిగా నిజం. గదిలో బేస్ ఒక మూల ఉబ్బుతుంది, ఇంకో చోట మాయమవుతుంది. దాన్ని సమం చేయడానికి ఒక సబ్‌ఊఫరు కంటే గదిలో వేరువేరు చోట్ల పెట్టిన రెండో నాలుగో సబ్‌ఊఫర్లు మేలని హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ, అలన్ డెవాంటియర్ కొలతలతో తేల్చారు. ఎక్కువ పెట్టడం నిజంగా లాభించే చోటు అది. బేస్‌కు దిక్కు ఉన్నట్టు చెవికి తెలియదు కాబట్టి నకలు అక్కడ నష్టం చెయ్యదు. లోటు తీర్చడం మాటకొస్తే, పాత జత ట్రెబుల్ పలకడం మానేసి బేస్ మాత్రమే పలికితే నీ ఆలోచన పనిచేస్తుంది. మీట తిప్పితే అట్లా జరగదు. రెండూ మొత్తం పాట పలుకుతాయి. పాతదాని మసక ట్రెబులు, కొత్తదాని బలహీనమైన బేసూ కూడా కలిసే వస్తాయి. విడదీయాలంటే మధ్యలో క్రాసోవరు కావాలి. ఒకే పెట్టెలో ఊఫరు, ట్వీటరు పెట్టినవాడు ఆ పనే చేసి, దూరాలు కూడా లెక్కగట్టి ఇచ్చాడు.

ఆంప్లిఫయరు పడే బాధ కూడా చూడాలి. ఎ+బి నొక్కితే చాలావాటిలో రెండు జతలూ సమాంతరంగా కలుస్తాయి. 8 ఓమ్‌ల జతకు 8 ఓమ్‌లది తోడైతే 4, 4కు 4 తోడైతే 2. ఓమ్‌లు సగమైతే కరెంటు రెట్టింపు లాగుతుంది. మన మేనెలలో, అద్దాల బీరువా లోపల, గాలాడని చోట ఉన్న ఆంప్లిఫయరుకు అది చావుబతుకుల పరీక్ష. అందుకే వెనక పలక మీద ఎ లేదా బి అయితే 4 ఓమ్‌ల నుంచి, ఎ+బి అయితే 8 ఓమ్‌ల నుంచి అని రాసి ఉంటుంది. మీట పెట్టిన కంపెనీవాడే ఆ హెచ్చరికా పెట్టాడు. కొన్నిట్లో ఎ+బి నొక్కితే రెండూ ఒకదాని వెనక ఒకటిగా కలుస్తాయి. ఆంప్లిఫయరు చల్లగానే ఉంటుంది గాని, రెండు వేరు రకాల బాక్సులైతే ఒక్కో స్వరం దగ్గర వోల్టేజీని అవి వేరువేరుగా పంచుకుని రెండింటి స్వభావమూ చెడుతుంది. ఉప్పుగాలి ఊరు మనది. రాగి తీగ కొసలు పచ్చగా చిలుము పడతాయి. ఫోము అంచులున్న ఊఫర్లు ఈ వేడికీ తేమకూ పొడిపొడిగా రాలిపోతాయి. జత పెరిగితే గీకి శుభ్రం చెయ్యాల్సిన కొసలూ పెరుగుతాయి, ఎరుపు నలుపు తారుమారయ్యే అవకాశమూ పెరుగుతుంది. ఒక్క బాక్సు తారుమారైతే చాలు, ఒకటి ముందుకు నెడుతుంటే ఇంకోటి వెనక్కి లాగి బేస్ అంతా మింగేస్తుంది.

అన్న: అది నాకు చెప్పబాక. ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి కోను బయటికొస్తాదా లోపలికి పోతాదా అని చూసే తీగ బిగిస్తాం. సరే, ఆంప్లిఫయరు మాట ఒప్పుకుంటా, దూరాల మాటా ఒప్పుకుంటా. అయితే నీ పాఠమంతా నట్టనడుమ కుర్చీలో కూర్చున్న ఒక్కడి కోసమే. ఇంట్లో ఆరుగురుంటే అయిదుగురు పక్కకే కూర్చుంటారు. అమ్మ చాప మీద, పిల్లోళ్లు గోడ వారన. ఎడమ మూల కూర్చున్నోడికి ఎడమ బాక్సే పాడతాది. నీ గోడ మధ్యలో మేకు వాడికి లేదు. నాలుగు బాక్సులు పెట్టి వాడిక్కూడా ఇంత పంచితే తప్పేంది? పాట ఒక్కడి సొత్తా?

అన్న వాదంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. స్టీరియో ఒక్క కుర్చీకి కట్టిన కోట. ఆ కుర్చీ ఎవరిదో ప్రతి ఇంట్లో అందరికీ తెలుసు, అది సాధారణంగా ఇంటి ఆడవాళ్లది కాదు. పాట అందరికీ దక్కాలనే అన్న కోరికను చెవి శాస్త్రం పేరుతో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆ కోరిక తీరే దారి రెండో జతలో ఉందా అన్నదే నా సందేహం.

తమ్ముడు: తప్పు లేదన్నా, మందు వేరే ఉంది. ఎడమ మూలలో కూర్చున్నవాడికి దగ్గరి బాక్సు ముందు వినబడుతుంది, దానివైపే గొంతు లాక్కుపోతుంది. అక్కడ ఎడమ వైపు ఇంకోటి పెడితే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. వాడికి కావాల్సింది గొంతు నిజంగా మధ్యలోంచి రావడం. సినిమా హాలు దానికి ఎప్పుడో జవాబు కనిపెట్టింది. తెర వెనక నట్టనడుమ ఒక స్పీకరు పెట్టి మాటలన్నీ దాదాపు దానికే అప్పజెప్పింది. మొదటి వరస ఎడమ కొసన కూర్చున్నవాడికి కూడా హీరో మాట హీరో నోట్లోంచే వస్తుంది. బెల్ ల్యాబ్స్ వాళ్ల మూడోది కూడా అదే చోట ఉంది. రెండు ట్రాకుల పాటలోంచి రెండింట్లోనూ సమానంగా ఉన్నదాన్ని ఏరి మధ్య స్పీకరుకు ఇచ్చే ఏర్పాటు డాల్బీ ప్రోలాజిక్ 2 లాంటి పద్ధతులతో ఇళ్లలో వాడే రిసీవర్లలో చాలాకాలంగా ఉంది. వెడల్పు కొంచెం తగ్గుతుంది, నట్టనడుమ కుర్చీవాడు కొంచెం నష్టపోతాడు. కానీ చాప మీద కూర్చున్న అమ్మకు గొంతు మధ్యలో నిలుస్తుంది. గొంతులో నేను ఒప్పుకున్న ఆ 2000 దగ్గరి గుంట కూడా పోతుంది, పలికేది ఒక్క పెట్టే కాబట్టి.

అన్న: అంటే నాకు కావాల్సింది నాలుగోది గాదు, మూడోది అంటావు.

తమ్ముడు: సొంత పని ఉన్న మూడోది. నీ పాత జతను వసారాలోకి జరిపి బి మీద ఉంచు. అరుగు మీద కూర్చున్నప్పుడు అది మోగుతుంది, హాల్లో కూర్చున్నప్పుడు ఎ మోగుతుంది. ఆ మీట పెట్టింది ముఖ్యంగా అందుకే. ఇంట్లో సీమంతమో నామకరణమో ఉండి, ఎవరూ కూర్చుని వినకుండా అందరూ తిరుగుతుంటే ఎ+బి నొక్కు, వెనక పలక మీద ఓమ్‌లు సరిపోతే. అప్పుడు గొంతు ఎక్కడ నిలబడిందని అడిగేవాళ్లు ఉండరు.

అన్న: మాటలకేం, మాటలు చాలా ఉంటాయి. నా చెవికి నువ్వు చూపించగలవా?

తమ్ముడు: చూపించడం నీ చేతిలోనే ఉంది. ఘంటసాల పాత పాట ఒకటి, మోనోది పెట్టు. యాప్ పెట్టి ఎకీ ఎ+బికీ వాల్యూం సమం చెయ్యి. మధ్య కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకో. ఎవరైనా నీకు చెప్పకుండా మీట తిప్పుతుంటారు. తిప్పినప్పుడల్లా గొంతు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు.

అన్న: నాలుగు మోగేటప్పుడు కూడా వేలు కుదురుగా నిలబడితే?

తమ్ముడు: నిలబడితే నాలుగూ ఉంచుకో అన్నా. కానీ ఒక్కడివే కూర్చోవద్దు. అమ్మను కూడా చాప మీద కూర్చోబెట్టి, ఆమె వేలు ఎటు చూపిస్తుందో చూడు.